తేనె రాసిన బొటనవేలు

స్వర్ణలతకు ఆ ఉదయం పెద్ద ఆశలేమీ లేవు. నాలుగు దోసెలు పోసి, బందరులో బస్సెక్కి, తొమ్మిదిలోపు గుడివాడలో తాను పాఠాలు చెప్పే కాలేజీకి చేరి వేలిముద్ర వేస్తే చాలు. ఆ నెల ఇప్పటికే రెండుసార్లు ఆలస్యమైంది. మూడోసారి అయితే ఒక సెలవు కోస్తారు. ఆమెకు మిగిలిందే ఒక్క సెలవు. శనివారం అవనిగడ్డలో తమ్ముడు జేమ్స్‌కు ప్రధానం. అక్క రాకపోతే ఉంగరం తొడగనని వాడంటాడు. సెలవు లేనిదే గేటు దాటనివ్వనని ప్రిన్సిపాల్ పూర్ణచంద్రరావు గారంటారు. ఇద్దరూ మొండివాళ్లే.

మూడో దోసె దగ్గర పెనం అంచు ఆమె కుడి బొటనవేలికి తగిలింది.

కేక వినపడగానే అత్తగారు వెంకాయమ్మ వచ్చేసింది. వేలిని కాసేపు కుళాయి కింద పెట్టించి, అలమరలోంచి తేనె సీసా తీసింది. ఆవిడ లెక్కలో దేవుడు రోగాలన్నిటికీ కలిపి ఒకటే మందు చేసి తేనెటీగల చేతికిచ్చాడు. దగ్గుకు మిరియాల పొడితో తేనె, నోరు పూస్తే తేనె, కాళ్ల పగుళ్లకు తేనె, నిద్ర పట్టకపోతే పాలలో తేనె. అదీ బజారు సరుకు కాదు. నాగాయలంక అవతల మడ అడవుల్లో తీసింది. ఎండుచేపలమ్మే ఎల్లమ్మ గంపలో చేపల పక్కనే పెట్టుకుని తెచ్చిస్తుంది.

"కొంచెం చాలు అత్తయ్యా. వేలిముద్ర వెయ్యాలి."

"వేలుంటే కదా ముద్ర. సాయంత్రం దాకా నీళ్లు తగలనిచ్చావంటే ఊరుకోను," అంటూ ఆవిడ ధారగా పోసి గుడ్డ చుట్టింది.

తొమ్మిది కావస్తుండగా స్వర్ణలత కాలేజీలో అడుగుపెట్టింది. గుడ్డ విప్పి, రుమాలుతో పైపైన అద్దుకుని, యంత్రం మీద వేలు పెట్టింది.

"ప్లీజ్ ట్రై ఎగైన్," అంది యంత్రంలోని ఆడగొంతు.

అందరివీ కుడి బొటనవేళ్లే నమోదయ్యాయి కాబట్టి వేరే వేలు పెట్టే వీల్లేదు. గట్టిగా నొక్కింది. పక్కకు తిప్పి నొక్కింది. వెనకాల వరస పెరిగింది.

"కాస్త జరగండి మేడం, నేను వేసుకుని క్లాసుకెళ్తాను," అన్నాడు లెక్కలు చెప్పే శామ్యూల్ రాజ్.

ఆయనకూ అదే జవాబొచ్చింది. వేలు వెనక్కి తీసుకోబోతే యంత్రం కూడా కాస్త వెంట వచ్చింది. ఆ తర్వాత ఒక్కొక్కరూ వచ్చి నొక్కడం, వేళ్లు రుద్దుకుంటూ పక్కన నిలబడడం. తొమ్మిది దాటేసరికి కాలేజీ మొత్తం ఆలస్యంగా వచ్చినట్టే అయింది.

అంతలో దగ్గు వినపడింది. ఆ నెలంతా ప్రిన్సిపాల్ గారికంటే ముందు ఆయన దగ్గే వస్తోంది.

"దీనికొక పద్ధతుంటుందండీ," అని ఆయన తన వేలు పెట్టి చూపించారు. యంత్రం ఆయన్నీ మళ్లీ ప్రయత్నించమంది. అంత మాట ఆయన్ను ఆ కాలేజీలో ఇంతవరకూ ఎవరూ అనలేదు.

"అందరూ నా గదికి రండి."

వాళ్లటు వెళ్లగానే అటెండరు కోదండరామయ్య నల్లబల్ల తుడిచే గుడ్డతో యంత్రాన్ని తుడిచాడు. తేనెలో సుద్దపొడి కలిసి చక్కటి ముద్దయింది. ఆ ముద్దకు చీమలొచ్చాయి. ఆయన చీమల మందు కొట్టాడు. యంత్రం "థాంక్యూ" అని ఆరిపోయింది. ఆ ఉదయం అది చెప్పిన మొదటి థాంక్యూ అదే, చివరిదీ అదే.

గదిలో పూర్ణచంద్రరావు గారు ఆలస్యాల ఫైలు ముందు పెట్టుకున్నారు.

"ఇదెవరి పనో తేలాలి. తేలకపోతే అందరికీ ఒక సెలవు కట్," అంటూ పేజీ తిప్పడానికి అలవాటు ప్రకారం బొటనవేలు నాలుకకు అద్దుకున్నారు.

ఆగారు. మళ్లీ అద్దుకున్నారు. మూడోసారి అద్దుకున్నది పేజీ కోసం కాదు.

"ఇది తేనె," అన్నారు.

స్వర్ణలత లెక్క చూసుకుంది. నోరు విప్పితే తమ్ముడి ప్రధానం పోతుంది. విప్పకపోతే దాంతోపాటు ఇంతమంది సెలవులూ పోతాయి. లేచి నిలబడింది.

"నాదేనండీ. వేలు కాలితే మా అత్తగారు రాశారు. శనివారం మా తమ్ముడి ప్రధానం సార్. సెలవు పోకూడదని తొందరలో..." ఏడుపొచ్చేసింది.

"అది సరేనమ్మా, ఎక్కడిదీ తేనె?"

"నాగాయలంక వైపుదండీ. అడవి తేనె."

"నెల్లాళ్లుగా దగ్గుకని కొంటూనే ఉన్నాను. అన్నీ పంచదార పాకాలే. ఇందులో ఏదో పరిమళం కూడా ఉంది. ఏ పువ్వుదంటారు?"

స్వర్ణలతకు ఎల్లమ్మ గంప కళ్లముందు మెదిలింది.

"అక్కడి పువ్వేనండీ."

"ఓ సీసా దొరుకుతుందా?"

"దొరుకుతుంది సార్. అవనిగడ్డ మీదుగా వెళ్లాలి," అని, కళ్లు తుడుచుకుని, "శనివారమైతే వీలవుతుంది," అంది.

"వెళ్లి రండి. సెలవెందుకు, ఆన్ డ్యూటీ వేస్తాను. రెండు సీసాలు తెండి."

అప్పుడే కోదండరామయ్య తలుపు దగ్గరకొచ్చి, "సార్, మెషీన్ పోయిందండీ," అన్నాడు. ప్రిన్సిపాల్ గారు విన్నారో లేదో గాని, వేలు మాత్రం ఇంకా నోటి దగ్గరే ఉంది.

శనివారం జేమ్స్ ఉంగరం తొడిగాడు. ఆఫీసు పని మీద తమ్ముడి ప్రధానానికి వెళ్లిన అక్క దివిసీమ మొత్తంలో స్వర్ణలత ఒక్కతే అయ్యుంటుంది.

తేనె అందిన కొన్నాళ్లకు ప్రిన్సిపాల్ గారి దగ్గు సర్దుకుంది. కాలేజీకి కొత్త యంత్రం వచ్చింది. వేలితో పనిలేదు, ముఖం చూసి హాజరు వేసుకుంటుందట. స్వర్ణలత ఇంటికొచ్చి నిశ్చింతగా ఆ మాట చెప్పింది.

"ముఖం చూస్తుందా? మరి నీ ముఖం ఎండకు ఎలా కమిలిపోయిందో చూసుకున్నావా," అంటూ వెంకాయమ్మ సీసా మూత తీసింది.