బల్లకు అర అడుగు

ప్రపంచమంతటా టేబుల్ టెన్నిస్ బల్ల పొడవు తొమ్మిది అడుగులు. ప్రపంచం ఇన్నాళ్లూ పొరబడిందని పోయిన ఆదివారం ధర్మవరంలో ఏకగ్రీవంగా తేలింది.

తేల్చినది మూడూళ్ల టేబుల్ టెన్నిస్ సంస్కరణల సంఘం. అధ్యక్షులు తిమ్మరాజు గారు పట్టుచీరల వ్యాపారి. హాలు ఆయనది, బల్ల ఆయనది, సభ్యులు తిన్న మసాలా బొరుగులూ ఆయనవే. (బ్యాటు మాత్రం ఎన్నడూ పట్టలేదు. నిష్పక్షపాతంగా ఉండాలంటే అదే పద్ధతి.) సాయంత్రాలు ఆ బల్ల మీద పిల్లలు ఆడుకుంటారు. పొద్దున పూట నెట్టు విప్పేసి, నేతగాళ్లు తెచ్చిన చీరలను దాని మీదే కొలుస్తారు. చీర రెండు బల్లల పొడవుంటే ఆరు గజాలు, పూర్తి మజూరీ. తగ్గితే మజూరీలో కోత. టేపు పెట్టి కొలవమని ఎవరైనా అడిగితే తిమ్మరాజు గారిది ఒకటే జవాబు: "టేపు సాగుతాదప్పా. బల్ల సాగదు."

సమావేశం మహా గంభీరంగా సాగింది. పెనుకొండ ప్రతినిధి సాయిప్రసాద్ గారు, బంతి మాటిమాటికీ బీరువా కిందికి దొర్లిపోతున్నందున దాన్ని కొబ్బరికాయంత చేయాలన్నారు. హిందూపురం ప్రతినిధి అనిల్ కుమార్ గారు, ఫ్యాను గాలికి పక్కకు పోయిన పాయింటు ఎవరికి చెందాలని నిలదీశారు. ఫ్యాను రెక్కల మీద ఎవరి పేరుందో ఆ దాతకే చెందాలని తీర్మానించారు. ఆట గురించి ఇంత లోతుగా ఆలోచించేవాళ్లు ఈ కాలంలోనూ ఉన్నారా అని నాకు కళ్లు చెమర్చాయి.

అప్పుడు అధ్యక్షులు లేచారు.

"ఇప్పటి పిల్లోల్ల చేతులు పొడుగు. బల్లేమో పాతకాలంది. అర అడుగు పెంచల్ల."

"కొత్త బల్లకు దుడ్లు యాడుండాయన్నా?" అన్నారు అనిల్ కుమార్ గారు.

"కొత్తది ఎందుకబ్బా? ఒక పక్క పలక తగిలిస్తే సాలు. వడ్రంగి బయటే ఉండాడు."

(వడ్రంగి అర అడుగు పలకతో సహా అటుగా రావడం కేవలం యాదృచ్ఛికం.)

చప్పట్లు మోగబోతుండగా యమున చెయ్యెత్తింది. మగ్గం నేసే నీలావతి కూతురు, మా ఊళ్లో ఆ ఆట నిజంగా వచ్చిన ఒకే ఒక్క మనిషి. వచ్చే నెల కదిరిలో పోటీలకు వెళ్లాలి.

"సార్, కదిరిలో తొమ్మిదడుగుల బల్లే ఉంటాది. ఈడ పొడుగు బల్ల మీద నేర్చుకొని ఆడికి పోతే నా బంతులన్నీ బయటే పడతాయి గదా!"

క్రీడాకారుల మాటకు విలువ ఇవ్వని సంఘం కాదిది. తిమ్మరాజు గారు ఒక్క క్షణమైనా తడుముకోకుండా సవరణ ప్రతిపాదించారు: ఆట ఆడే సమయంలో పలక తీసేయాలి, మిగతా సమయమంతా ఉంచాలి. ఈసారి చప్పట్లకు ఎవరూ అడ్డు రాలేదు. ఆట నిబంధన ఆట లేనప్పుడు మాత్రమే అమలు కావడం క్రీడారంగంలో కొత్త ఒరవడి అని సాయిప్రసాద్ గారు కొనియాడారు.

సోమవారం పొద్దున నీలావతి చీర తెచ్చింది. బల్ల మీద ఒకసారి పరిచారు, మడిచి ఇంకోసారి పరిచారు. అడుగు తగ్గింది.

"పోయిన తూరి ఇంతే నేస్తే సరిపోయె గదా సావుకారూ? పూటంతా మగ్గంలో కాళ్లు పీక్కుపోతే గానీ అడుగు గుడ్డ రాదు. ఆ అడుగు ఊరికే నేసియ్యల్లనా?"

"నన్నేం చేయమంటావమ్మా? రూలు నాది గాదు, ఆటది. కావల్లంటే నీ బిడ్డనే అడుగు, మీటింగులో ఉండె."

మజూరీలో కోత పడింది. నీలావతి ఇంటికి పోయి మగ్గంలో కూర్చుంది. సాయంత్రం నిబంధన ప్రకారం పలక తీశారు. ఆ తొమ్మిదడుగుల బల్ల మీద యమున వరసగా మూడు ఆటలు గెలిచింది.

బ్యాటు ముట్టకుండానే ఓడిపోయిన మొట్టమొదటి క్రీడాకారిణిగా ఆమె తల్లి పేరు నమోదు చేయాలన్న ప్రతిపాదన సంఘం పరిశీలనలో ఉంది.