యాదవ్వ గీసిన అవ్వకు కడుపు లేదు

1958లో ప్రభుత్వం వారు నాలుగేళ్ల పిల్లల మనోవికాసం కోసం ఒక ఉత్తర్వు దయచేశారు: "బాలవాడి పిల్లలచేత వారానికొక బొమ్మ వేయించవలెను." నిర్మల్‌లో బొమ్మ అంటే కొయ్యబొమ్మే. కనుక ఆఫీసువారు ఆ కాగితాన్ని తిన్నగా కొయ్యబొమ్మల తనిఖీదారు దశరథం గారి బల్లమీద పెట్టారు. ముప్పై ఏళ్లుగా కొయ్య జామకాయల్లో వంకరలు పట్టిన మనిషి. పసిమనసు ఆయనకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

దశరథం గారు కొలబద్దతో బాలవాడికి వేంచేశారు. మొదట చిక్కింది బీడీలు చుట్టే లస్మవ్వ బిడ్డ, యాదవ్వ. బొగ్గుముక్కతో కాగితం మీద ఒక పెద్ద సున్నా చుట్టి, అందులో రెండు చుక్కలు పెట్టి, సున్నా కిందినుంచే రెండు కాళ్లు దింపింది.

"గిదేందే?"

"మా అవ్వ!"

ఆయన కొలిచారు. మెడ లేదు. కడుపు లేదు. "లోపభూయిష్టం, తిరస్కరించడమైనది" అని రిజిస్టరులో రాసి, బొగ్గుముక్క జప్తు చేశారు. యాదవ్వ గొల్లుమంది.

మధ్యాహ్నానికి సంగతి తెలిసి లస్మవ్వ బీడీల చాటతో సహా ఉరికొచ్చింది.

"గది నేనే సారూ! దానికి నా మొకం గావాలె, నా యెంట ఉరుకుతానికి నా కాళ్లు గావాలె. నా కడుపుతోని దానికేం పని? ఆడికెళ్లి ఎన్నడో వచ్చింది! జర బొగ్గు ఇయ్యిన్రి. పోరి పొద్దుగాలనుంచి బువ్వ ముడుతలేదు."

దశరథం గారు చలించి ఉపన్యాసమిచ్చారు. "అమ్మా! నేటి వంకర గీతయే రేపటి వంకర పౌరుడు!" అని, దేశ క్షేమం కోరి నల్లబల్ల మీద ఒక నమూనా వేశారు. రెండు కొండలు, నడుమ సూర్యుడు, గుడిసె, కుడిపక్కన కొబ్బరి చెట్టు. ఆ బాలవాడిలో కొబ్బరి చెట్టును చూసినవాళ్లు ఒక్కరూ లేరు. దశరథం గారూ చూడలేదు. చూడనిది గీయడమే కదా చదువంటే!

ఆరు నెలల్లో నలభై మంది పిల్లలు నలభై కొబ్బరి చెట్లు పెంచారు. మనోవికాసం నూటికి నూరుపాళ్లు జరిగినట్టు హైదరాబాదుకు నివేదిక వెళ్లింది. అందరికన్నా తిన్నగా గీసిన యాదవ్వకు బహుమతిగా ఆ బొగ్గుముక్కే తిరిగి ఇచ్చారు.

లస్మవ్వ సంబరపడి బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుంది. "ఇగ నన్ను గియ్యి బిడ్డా."

యాదవ్వ గీసింది. రెండు కొండలు, సూర్యుడు, గుడిసె, కొబ్బరి చెట్టు.

"మరి నేనేడున్ననే?"

"నువ్వు తప్పంట అవ్వా. నిన్ను గియ్యొద్దంట."

లస్మవ్వకు ఏడుపొచ్చింది. అది రిజిస్టరుకెక్కలేదు, అందుకు గడి లేదు.

మీరేం నవ్వకండి. మీ చేతికి పెన్సిలిచ్చి ఏదైనా బొమ్మ వేయమంటే మీరేం వేస్తారో నాకు తెలుసు. కొండలు రెండే కదా? కానివ్వండి. కొబ్బరి చెట్టు మాత్రం కుడిపక్కనే వేయండి, దశరథం గారు చూస్తారు.