సీసా ఎవరి దగ్గరుంది?

ఆ రోజు పొద్దున్నే కోడలు ఇంట్లో ఉన్న పాలసీసాలన్నీ వెతికి తెచ్చి వంటగది బల్ల మీద వరసగా నిలబెట్టింది. ఆరు తేలాయి. ఒకదానికి మూత లేదు, ఒకదానికి పీక కొరికేసి ఉంది, మిగతా నాలుగూ నిక్షేపంలా ఉన్నాయి.

"ఇవాళ్టితో సరి అత్తయ్యా. ముందు పళ్ళు రెండూ మచ్చలు పడుతున్నాయని పళ్ళ డాక్టరు మొన్న మళ్ళీ కేకలేశాడు. ఇక గ్లాసుతోనే తాగాలి. వాడు ఏడ్చినా సరే, నేల మీద దొర్లినా సరే, మనం కరగకూడదు. ఎన్నిసార్లు అడిగినా అందరిదీ ఒకటే మాట. సీసా లేదు, అయిపోయింది. అంతే."

"అలాగేనమ్మా," అంది నానమ్మ. అనక చేసేదేముంది?

కొడుకు ఆ సీసాల్ని గుడ్డసంచిలో వేసి, ముందుగదిలో బట్టల బీరువా నెత్తిన పెట్టి, ఏడుపు మొదలయ్యేలోగా డ్యూటీకి జారుకున్నాడు. అతనిది చిన్నప్పటినుంచీ అదే వరస. ఇంట్లో ఏదైనా రాజుకుంటున్న వాసన తగిలిందంటే చాలు, చెప్పుల్లో కాళ్ళు పెట్టేస్తాడు.

ఇంత గొడవా ఎవరి గురించయ్యా అంటే, రెండేళ్ళ మూడు నెలల మనిషి గురించి. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, గదిగదీ తనిఖీ చేస్తున్నట్టు తిరుగుతాడు గనక వాణ్ణి ఇంటిల్లిపాదీ "పెద్దాయన" అంటారు.

నానమ్మకి ముందుగదిలోనే కుట్టుమిషను. వీధిలో వాళ్ళు పొడుగైన బట్టలూ బిగుతైన బట్టలూ తెచ్చిస్తే సరిచేసి ఇస్తుంది. తొడిగి చూసుకోవడానికి బీరువా పక్కన ఓ మూలకి తెర కట్టి ఉంది. రోజూ మధ్యాహ్నం పెద్దాయన సీసా పట్టుకుని తనంతట తనే వచ్చి, మిషను ఆపించి, ఆవిడ ఒళ్ళోకెక్కి, ఆవిడ చెవి పట్టుకుని పాలు తాగేవాడు. ఆ పావుగంటా ఆవిడ రాజ్యం. ఇప్పుడు ఆ సీసా కాస్తా పోతే, ఇక ఈ ఒడికి ఎవడొస్తాడు? చెప్పొద్దూ, ఆవిడ గుండెల్లో రాయి పడింది.

అది చాలదన్నట్టు, అదే రోజు పదకొండింటి రైలుకి అమ్మమ్మ దిగుతోంది. అమ్మమ్మ బడిలో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. పాటలు వచ్చు, బొమ్మల పుస్తకాలు తెస్తుంది, ఏనుగులా ఘీంకరిస్తుంది. ఫోనులో ఆవిడ మొహం కనబడితే పెద్దాయన ఆ ఫోనుకి ముద్దులు పెడతాడు. నానమ్మకి ఇన్నాళ్ళలో వాడు ఫోనులో ముద్దు పెట్టలేదు. ఒకే ఇంట్లో ఉంటూ ఫోనెందుకు చేస్తారు అనకండి. ఆ కడుపుమంటకి అవన్నీ తెలియవు.

తొమ్మిదింటికి పెద్దాయన సీసా అడిగాడు. "అయిపోయింది," అంది తల్లి. వాడు చేతులు వెనక్కి కట్టుకుని మంచం కిందా, బకెట్టులోనూ వెతికి, చివరికి మిషను దగ్గరకొచ్చి మూతి ముడిచి నిలబడ్డాడు. నానమ్మ వంటగది వైపు ఓసారి చూసి, వాడి చెవిలో నోరు పెట్టింది.

"ఒరేయ్ పెద్దాయనా, నీ సీసా ఎక్కడికీ పోలేదురా. ఇప్పుడు వస్తుంది చూడు మీ అమ్మమ్మ, ఆవిడే పట్టుకుపోయింది."

ఇంకా రాని మనిషి ఎలా పట్టుకుపోయిందని వాడు అడగలేదు. అడిగే వయసు కాదు. అమ్మమ్మ గడపలో కాలు పెట్టగానే వాడు మొహం తిప్పుకుని తన వెనకాల దాక్కోవాలి, అంతవరకే నానమ్మ కోరిక.

అమ్మమ్మ గడపలో కాలు పెట్టింది. పెద్దాయన ఒక్క పరుగున వెళ్ళి ఆవిడ మోకాళ్ళు వాటేసుకున్నాడు.

"అమ్మమ్మా! దా! దా!" అని వేలు పట్టుకుని లాక్కెళ్ళి కుర్చీలో కూలేసి, ఒళ్ళోకెక్కి కూర్చున్నాడు.

అమ్మమ్మకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "చూశారా వదినగారూ! రెండు నెలలైంది, మొహం మర్చిపోయుంటాడేమోనని దారంతా బెంగపడ్డాను."

"చూశాను, చూశాను," అని నానమ్మ దారం పళ్ళతో పుటుక్కున కొరికింది.

ఇక చూడండి, పెద్దాయన ఆవిణ్ణి వదిలితే ఒట్టు. బ్యాగులో చెయ్యిపెట్టి కళ్ళజోడు డబ్బా, మందుబిళ్ళలు, తువ్వాలు ఒక్కొక్కటే బయట పెట్టాడు. "సామాను సర్దిపెడుతున్నాడు నా తండ్రి!" అని ఆవిడ మురిసిపోయింది. స్నానాలగదిలోకి వెళితే తలుపు బయట కాపలా కూర్చున్నాడు. ఆవిడ బయటికొచ్చి స్నేహితురాలికి ఫోను చేసి, మిషను చప్పుడు మించి వినబడేలా చెప్పింది: "నన్ను వదలడంలేదే! మిగతావాళ్ళని కన్నెత్తి చూడ్డంలేదు!"

కోడలి ఆనందం కోడలిది. "సీసా ఊసే ఎత్తడంలేదు అత్తయ్యా! అమ్మ ఒక్కరోజు ముందొచ్చుంటే ఇంకా బావుండేది."

నానమ్మకి ఒళ్ళంతా కారం రాసినట్టైంది. అమ్మమ్మ మంచినీళ్ళకి వంటగదిలోకి వెళ్ళడమే ఆలస్యం, వాణ్ణి సైగ చేసి పిలిచింది.

"అమ్మమ్మ దగ్గర లేదురా. నా దగ్గరే ఉంది."

పెద్దాయన ఎగిరి ఒళ్ళో పడ్డాడు. నానమ్మకి ప్రాణం లేచొచ్చింది. ఆ క్షణాన మిషను మీద ఉన్నది మీసాల కండక్టరుగారి యూనిఫాం ప్యాంటు. కింద అంచు మడిచి కుట్టాలి. ఒంటిగంటకి ఆయన బస్సెక్కాలి. వాడేమో సొరుగు లాగి దారపుండలు కిందికి దొర్లిస్తున్నాడు, కొలతల టేపు మెడకి చుట్టుకుంటున్నాడు. అమ్మమ్మ గ్లాసుతో వచ్చి ఆ దృశ్యం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. ఆవిడ చూస్తోందా లేదా అని నానమ్మ చూస్తోంది. కళ్ళు వియ్యపురాలి మీద, చెయ్యి పిల్లాడి మీద, కాలు మిషను మీద. గుడ్డ మీద ఉన్నది సూది ఒక్కటే.

"వాడి చెవిలో ఏం మంత్రం వేశారు వదినగారూ?"

"మంత్రమెందుకండీ, పొద్దస్తమానం మోసే చేతులు ఎవరివో పిల్లలకి తెలీదా?"

అమ్మమ్మ మొహం మాడింది. బొమ్మల పుస్తకం తీసి, "రా కన్నా, ఏనుగు!" అని ఘీంకరించింది. పెద్దాయన ఏనుగు వంక చూడను కూడా చూడలేదు. నానమ్మ వైపు తిరిగి, ఇక సీసా ఇచ్చేయమన్నట్టు చెయ్యి చాచాడు. సరిగ్గా అప్పుడే గుమ్మంలో మీసాలు కనబడ్డాయి.

"అమ్మగారూ, ప్యాంటు అయిందా?"

"అయింది బాబూ, తొడిగి చూసుకోండి," అని నానమ్మ బతుకుజీవుడా అనుకుంటూ ఆయన చేతిలో పెట్టింది.

కండక్టరు తెర వెనక్కి వెళ్ళాడు. కాసేపటికి, "అమ్మగారూ, ఎడమకాలు బయటికి రావడంలేదండీ!" అన్నాడు.

"కొత్తగా కుట్టింది కదా, బిగుతుగా ఉంటుంది. గట్టిగా తొయ్యండి!"

చెప్పినమాట వినే మనిషి. గట్టిగా తోశాడు. అంచు రెండువైపులా కలిపి కుట్టేసిన ప్యాంటులోంచి కాలెలా వస్తుంది? ఒంటికాలి మీద రెండు గెంతులు గెంతాడు. మూడో గెంతుకి తెర పట్టుకున్నాడు, తెర ఊడింది. బీరువాని కౌగిలించుకున్నాడు, బీరువా ఊగింది. నెత్తిమీది సంచి బోర్లాపడి, ఆరు సీసాలూ టపటపా రాలి ముందుగదంతా దొర్లాయి.

కండక్టరు నేలమీద చతికిలబడ్డాడు. చొక్కా పొడుగ్గా ఉండబట్టి పరువు దక్కింది. కోడలు చేతిలో గరిటెతో పరిగెత్తుకొచ్చి అలాగే నిలబడిపోయింది.

పెద్దాయన చేతులు వెనక్కి కట్టుకుని ఆరు సీసాల్నీ వరసగా చూశాడు. ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. నానమ్మకి వేలు చూపించాడు.

"అమ్మమ్మ పట్టుకుపోయింది అన్నావ్! నా దగ్గరుంది అన్నావ్!"

"అత్తయ్యా?" అంది కోడలు.

అమ్మమ్మ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "అంటే... నేనొచ్చిందగ్గర్నుంచీ వాడు నా వెనకాల తిరిగింది..."

"సీసా కోసమే," అంది నానమ్మ. ఆ ముక్క అనాలని ఇందాకట్నుంచీ నాలుక దురదపెడుతోంది. తీరా అన్నాక నోరంతా చేదైంది. "నా దగ్గరికొచ్చిందీ అందుకేలెండి," అని మెల్లిగా కలిపింది.

పెద్దాయన ఖాళీ సీసా ఊపి చూసి, గొంతెత్తి ఏడుపు లంకించుకున్నాడు. నానమ్మ చేతులు చాచింది, తోసేశాడు. అమ్మమ్మ చాచింది, ఆవిణ్ణీ తోసేశాడు. కోడలికి ఏం చెయ్యాలో తోచక, పడిన మనిషి తేరుకుంటాడని కండక్టరు చేతిలో గ్లాసుడు పాలు పెట్టింది.

లేవలేని మనిషి ఏం చేస్తాడు? జేబులోంచి విజిల్ తీసి ఊదాడు. "రైట్ రైట్! ఎక్కేవాళ్ళెవరమ్మా?"

ఏడుపు ఠక్కున ఆగింది. పెద్దాయన వెళ్ళి ఆ కుట్టేసిన కాలు మీద ఎక్కి కూర్చున్నాడు.

"సీసాలు ఎక్కనివ్వమండీ ఈ బస్సులో. చేతులు ఖాళీగా ఉండాలి."

పెద్దాయన సీసా వంక చూశాడు, కండక్టరు వంక చూశాడు, సీసా పక్కన పెట్టేశాడు.

"ఆఁ, ఒక గుక్క తాగితే ఒక స్టాపు. తాగండి మరి!"

గుక్క, విజిల్. గుక్క, విజిల్. ఎనిమిదో స్టాపుకి గ్లాసు ఖాళీ అయింది. పెద్దాయనకీ తెల్లటి మీసాలొచ్చాయి. "ఇంకా!" అన్నాడు.

"అన్నయ్యగారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను, రేపు కూడా రండి," అంది కోడలు.

వియ్యపురాళ్ళిద్దరూ పక్కపక్కనే కూర్చుని ఆ బస్సు వంకే చూస్తున్నారు.

"అంత గట్టిగా ఊదితే పిల్లాడి చెవులేం కావాలి?" అంది అమ్మమ్మ.

"ఆ విజిల్ కడిగి ఎన్నేళ్ళయిందో," అంది నానమ్మ.

"గుమ్మంలో చూసినప్పుడే అనుకున్నాను, వాలకం బాగాలేదని."

"నేనైతే మొదట్నుంచీ అనుకుంటున్నాను వదినగారూ."

పిల్లల పెళ్ళి జరిగిన నాలుగేళ్ళకి, ఆ వియ్యపురాళ్ళిద్దరికీ ఒక విషయంలో మాట కలిసింది.