కాపెల్‌లో లుంగీ సమ్మె

ఆ సోమవారం పొద్దున పరంధామయ్య పెట్టుకున్న పని ఒక్కటే. లుంగీలూ, చారల డ్రాయర్లూ ఉతికి ఎండలో ఆరేయడం. టెక్సాస్ ఎండ గుడివాడ ఎండకి ఏమాత్రం తీసిపోదు. అలాంటి ఎండని బయట వదిలేసి, తలుపులు బిగించుకుని, కరెంటు పెట్టి లోపల గుడ్డలు ఎండబెట్టుకుంటున్నారు కాపెల్ జనం! వచ్చిన రోజు కూతురు నమ్రత ఆ డ్రైయర్ చూపిస్తే ఆయన దాని తలుపు రెండుసార్లు తీసి చూశాడు. వీధిలో మనిషన్నవాడు కనబడడు. మేసే గొడ్డు ఒక్కటీ లేదు, గడ్డికి మాత్రం తెల్లారకముందే నీళ్లు. ఇంతింత ఇళ్లు కట్టుకున్నవాళ్లకి ఓ దండెం కట్టుకోవడం చేతకాలేదా? పెరట్లో కంచెకీ వరండా స్తంభానికీ ఆయనే తాడు కట్టాడు. ఆర్టీసీ డిపోలో యూనియన్ నడిపి రిటైరైన మనిషి. ఆయన ముడి వేశాడంటే ఊడదు.

రెండ్రోజులకి నమ్రత ఫోన్ పట్టుకుని వచ్చింది.

"నాన్నా, హెచ్‌ఓఏ వాళ్లు మెయిల్ పెట్టారు. బయట బట్టలు ఆరేయకూడదట. ఎవరో ఫొటో తీసి కంప్లైంట్ చేశారు."

"హెచ్‌ఓఏ అంటే ఎవడమ్మా?"

"ఈ కాలనీలో ఇళ్లున్నవాళ్ల సంఘం."

పరంధామయ్య కుర్చీలోంచి లేచిపోయాడు. "సంఘమా? సంఘమంటే జనం పక్షాన నిలబడాలి గానీ, జనం లుంగీల మీద పడ్డమేంటి? ఈ ఇల్లు ఎవరిది?"

"మనదే నాన్నా. రూల్సు వాళ్లవి. పోన్లే, డ్రైయర్ ఉందిగా..."

"తాడు విప్పితే ఓడినట్టే! నా బతుకులో మేనేజ్‌మెంటు చెప్పిందని ఏదీ విప్పలేదు."

అల్లుడు నీరజ్ చేతులు నలుపుకున్నాడు. "మామయ్యగారూ, వీసా మీద ఉన్నవాళ్లం. గొడవలొద్దండీ."

ఫొటో తీసిందెవరో పరంధామయ్య అప్పుడే తేల్చేశాడు. పక్కింటి లిండా. రోజూ గులాబీలకి నీళ్లు పడుతూ, కంచె మీదుగా ఆయన లుంగీలు చూసి నవ్వుతుంది. చూసి నవ్విందంటే ఇంకెవరు? ఆ రోజు నుంచి ఆవిడ 'హాయ్' అంటే ఈయన మొహం తిప్పేసుకున్నాడు.

సాయంత్రం పార్కులో నడకకి వచ్చే అమ్మమ్మలూ తాతయ్యల ముందు విషయం పెట్టాడు. కరీంనగర్ నుంచి కొడుకింటికొచ్చిన వసంతలక్ష్మి భగ్గుమంది.

"నా మిరపకాయలు గూడ గట్లనే తీపిచ్చిన్రన్నా! ఇంటి ముంగట ఎండబోస్తే పక్కింటాయన విషమనుకున్నడంట."

అంతే. పరంధామయ్య బెంచీ ఎక్కాడు.

"ఈ కాలనీలో పొద్దున్నే ఇడ్లీలు వేసేది ఎవరు?"

"మనమే!"

"పిల్లల్ని స్కూలు బస్సు ఎక్కించేది?"

"మనమే!"

"జీతం?"

"లేదు!"

"సెలవు?"

"లేదు!"

"మరి సమ్మె చేద్దామా వద్దా?"

పిడికిళ్లు లేచాయి. ఎవరో కిటికీలోంచి చూసి, ముసలివాళ్లు గుమిగూడి అరుస్తున్నారని పోలీసులకి ఫోన్ కొట్టారు. కారు దిగిన పోలీసాయన చేతిలో వసంతలక్ష్మి సకినాలు పెట్టింది. ఆయన తిని, బాగున్నాయని చెప్పి, వెళ్లిపోయాడు. లాఠీలు తప్ప ఏమీ ఎరగని పరంధామయ్య ఆ కారు మలుపు తిరిగేదాకా బెంచీ దిగలేదు.

సమ్మె మొదలైంది. తాతయ్యలు టీవీ ముందు నుంచి కదల్లేదు. అమ్మమ్మలు స్టవ్ వెలిగించలేదు. ఒకింట్లో ఆఫీసు మీటింగు మధ్యలో పసివాడు ల్యాప్‌టాప్ మీద పాలు పోశాడు. ఇంకో ఇంట్లో అటు కోడలు, ఇటు కొడుకు, మధ్యలో స్కూలు బస్సు తప్పిన పిల్ల. నీరజ్ మూడు పూటలా బ్రెడ్డు తిన్నాడు. వారం తిరక్కుండానే కాలనీలోని తెలుగువాళ్లంతా హెచ్‌ఓఏ మీద పడి మీటింగు పెట్టించారు.

క్లబ్‌హౌస్ కిక్కిరిసింది. హెచ్‌ఓఏ ప్రెసిడెంటు ఆధారమంటూ ఫొటోని గోడంత తెర మీద వేశాడు. లుంగీలు, డ్రాయర్లు, అన్నీ గాల్లో ఎగురుతున్నాయి. పరంధామయ్య గొంతు సవరించుకుని లేవబోయేలోపు లిండా లేచింది. ఏదో చెబుతూ కళ్లు తుడుచుకుంది.

"ఏంటంటోంది? కొత్త కంప్లైంటా?"

నీరజ్ చెవిలో చెప్పాడు. "చిన్నప్పుడు వాళ్ల అమ్మమ్మ పొలంలో ఇలాగే ఆరేసేదట. మీ లుంగీలు చూస్తే ఆవిడ గుర్తొస్తోందట. రూలు తీసెయ్యమంటోంది."

పరంధామయ్యకి నెత్తిన పిడుగు పడ్డట్టయింది. ఈవిడ కాకపోతే మరెవరు? మళ్లీ తెర వైపు చూశాడు. ఫొటో పైనుంచి తీశారు. మేడ మీది కిటికీలోంచి. కింది మూలన, కిటికీ గట్టు మీద స్టీలు గ్లాసు. గ్లాసు మీద చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరు, తెర మీద మూరెడేసి అక్షరాల్లో: ఎన్. పరంధామయ్య, గుడివాడ.

నమ్రత కాపురానికి వెళ్లేటప్పుడు సామాన్లన్నిటి మీదా ఆయనే దగ్గరుండి కొట్టించిన పేరు.

హాల్లో తెలుగు చదవగలిగిన తలలన్నీ ఒక్కసారి నమ్రత వైపు తిరిగాయి. ప్రెసిడెంటుకి ఏమీ అర్థం కాక ఓటింగు పెట్టాడు. సమ్మె దెబ్బ తిన్న చేతులన్నీ లేచాయి. నమ్రత చెయ్యి అన్నిటికన్నా ముందు లేచింది. రూలు పోయింది. వసంతలక్ష్మి ఈల వేసింది.

ఇంటికి వెళ్తూ కార్లో పరంధామయ్య అడిగాడు.

"నాతో ఒక్క ముక్క చెప్పొచ్చుగా అమ్మా?"

"చెప్తే వింటారా? డిపో మేనేజర్ చెప్తేనే వినలేదు మీరు!" నమ్రత ఆయన వైపు తిరిగింది. "ఆ రోజు కింద గదిలో పెద్ద బాస్‌తో వీడియో కాల్, నాన్నా. నా ప్రమోషన్ గురించి. వెనకాల కిటికీలో మీ చారల డ్రాయర్లు జెండాల్లా ఎగురుతున్నాయి. ఆయన నా మాట వినడం మానేసి అవే చూస్తున్నాడు! మీకు ఎదురు చెప్పలేక, రూలుతో చెప్పిద్దామనుకున్నా."

పరంధామయ్య కిటికీలోంచి బయటికి చూశాడు. ఎవరూ లేని వీధి, ఎవరూ తినని గడ్డి.

"ప్రమోషన్ ఇస్తాడా?"

"రేపు మళ్లీ కాల్ ఉంది."

మర్నాడు కాలనీ అంతా దండేలు కట్టింది. నమ్రత వీడియోలో మాట్లాడుతుంటే వెనకాల కంచె అవతల లిండా పూల దుప్పట్లు రెపరెపలాడాయి.

నాయకుడి డ్రాయర్లు మాత్రం డ్రైయర్లో తిరుగుతున్నాయి.