వాషింగ్ మెషీనుకు పరీక్ష

పొద్దున కాఫీ చల్లారేలోగా పని ముగించేసి, తర్వాత తీరిగ్గా ఫోను ముందు కూర్చోవాలన్నది ఆ రోజు కంగారయ్య పథకం. ఆ పేరు తల్లిదండ్రులు పెట్టింది కాదు, భార్య పెట్టింది. ఉన్న ఉద్యోగం ఊడి చాలాకాలమైంది. "నలుగురూ కలిసి ఉచితంగా రాసే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో మీ పని ఒక్కటి ఒప్పుకున్నట్టు ఇవాళ సాయంత్రంలోగా చూపించండి, ఉద్యోగం మీదే" అంది ఓ కంపెనీ మేనేజరమ్మ. ఇంకేం, పాపం ఆయన కాలు ఒకచోట నిలవడం లేదు.

ఆయన పట్టుకున్న ప్రాజెక్టు, అసలు యంత్రం లేకుండానే దాని లోపలి ప్రోగ్రామును, అంటే ఫర్మ్‌వేరును, కంప్యూటరులో నడిపించి చూసే సాఫ్ట్‌వేరు. దానికి ఒక వాషింగ్ మెషీను పరీక్షను చేర్చదలచాడు. ఫర్మ్‌వేరు సరిగా నడిస్తే పచ్చదీపం, లేకపోతే ఎర్రదీపం. ముందే తయారై ఉన్న ఫర్మ్‌వేరు ఫైలును, ఆ మెషీన్ల కంపెనీలో పనిచేసే బావమరిది ఇచ్చాడు. తెర ఉండి పాటలు కూడా పాడే మెషీను కాబట్టి ఫైలు ఏనుగంత ఉంది. దాన్ని పరీక్షతో పాటే ప్రాజెక్టులోకి ఎక్కించడం మొదలుపెట్టాడు.

పక్క గదిలో ఆన్‌లైను పాఠం చెబుతున్న భార్య, నోరు తెరిచింది తెరిచినట్టే పిల్లల తెరల మీద బిగుసుకుపోయింది. "ఏవండీ! నెట్టంతా మీరే తాగేస్తున్నారా? పిల్లలు నన్ను చూసి నవ్వుతున్నారు!"

"ఒక్క నిమిషం! అయిపోవచ్చింది!"

అయిపోవడమా? అప్పుడే మొదలైంది. ప్రాజెక్టు పరీక్షలన్నీ నడిపే కంప్యూటరు ఆ ఫైలును మింగలేక కక్కలేక ఆగిపోయింది. దాని వెనక అందరి పనులూ బారులు తీరాయి. ఇదేమిటో చూద్దామని బస్సులో ప్రాజెక్టును తెరిచిన ఒకావిడ, "నా డేటా అంతా మీ వాషింగ్ మెషీనే మింగేసిందండీ బాబూ" అని రాసింది. కంగారయ్య గాభరాగా ఫైలును తీసేసి, దాన్నే కాస్త కుదించి మళ్లీ పెట్టాడు. ఇలాంటి ప్రాజెక్టుల్లో తీసేసింది కూడా చరిత్రలో పదిలంగా ఉంటుందన్న సంగతి ఆయనకు తట్టలేదు. ఆ తర్వాత తెరిచినవాళ్లకు రెండూ వచ్చిపడ్డాయి.

ప్రాజెక్టు బాధ్యత చూసే పెద్దాయన ఇక ఫోనే చేశాడు. "నాయనా, పెద్ద ఫైళ్లు ఇక్కడ పెట్టం. వాటికి వేరే సర్వరుంది. మిగతా పరీక్షల్లాగే ఇక్కడ ఫైలు పేరు రాస్తే చాలు. ఇంతకీ దీన్ని ఎవరు తయారుచేశారు, ఎలా చేశారు? అది తెలీకుండా తీసుకోను."

"ఇప్పుడే కనుక్కుంటానండీ!"

"మెల్లిగానే కనుక్కో. ఈలోగా ఇంకేదీ నొక్కకు."

బావమరిదికి ఫోను చేస్తే వాడు లబోదిబోమన్నాడు. "నా పేరు చెప్పేశావా బావా? కొంప ముంచావు!"

"చెప్పలేదురా! ఎలా తయారుచేశావో చెప్పు, చాలు."

"నేనెక్కడ చేశాను? నా సీట్లో నాకు ముందున్నాయన చేశాడు. ఆయనిప్పుడు కోళ్లఫారం పెట్టుకున్నాడు."

"అయితే ఆయన నంబరివ్వు."

"ఎత్తడు బావా. మా ఆఫీసు పేరు వింటేనే ఆయనకి ఒళ్లు మంట."

కంగారయ్య గడియారం చూశాడు. సాయంత్రం ముంచుకొస్తోంది. పాత మార్పునంతా కొట్టేసి, కొత్తదాంట్లో ఫైలు పేరు మాత్రం రాసి, తన కంప్యూటరులోనే పరీక్షను నడిపి చూశాడు. టక్కున పచ్చదీపం వెలిగింది. "పాస్! పాసైపోయింది!" అని కుర్చీలోంచి ఎగిరాడు.

పాఠం ముగించుకుని వచ్చిన భార్య గుమ్మంలోనే ఆగింది. "ఈసారి నా క్లాసు ఆగలేదేం? ఆ ఏనుగుని ఎక్కించలేదా?"

"సర్వర్లో ఇంకా పెట్టలేదు."

"పెట్టకుండా ఎలా పాసైంది?"

"ఫైలు దొరక్కపోతే పరీక్ష వదిలేసి పచ్చదీపం వేసేస్తుంది. ఇక్కడి పద్ధతే అంత."

"బాగుంది సంబడం! పరీక్షకే రాని పిల్లాడికి నేను పాస్ మార్కులు వేస్తే ఊరుకుంటారా? ఆబ్సెంట్ అని రాయరూ?"

కంగారయ్య మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. వాషింగ్ మెషీనును అక్కడే వదిలేసి, ఫైలు లేకపోతే ఎర్రదీపం వేయాలని ఒకే ఒక్క వాక్యం మార్చి పంపాడు. అంత చిన్న మార్పును చూసేసరికి పెద్దాయనకు ప్రాణం లేచొచ్చింది. పరీక్షల కంప్యూటరు ఇంకా పొద్దుటి ఏనుగును అరిగించుకుంటూనే ఉండడంతో, ఫలితం కోసం ఆగకుండా ఒప్పేసుకున్నాడు.

కాసేపటికి ఆ కంప్యూటరు తేరుకుంది. తేరుకోగానే ప్రాజెక్టులోని ఫర్మ్‌వేరు పరీక్షలన్నీ వరసబెట్టి ఎర్రబడ్డాయి. ఫైళ్లు ఉండాల్సిన ఆ వేరే సర్వరు ఎప్పుడో మూతపడిందట. ఇన్నాళ్లూ ఒక్క పరీక్షా జరగలేదు, ఒక్కరికీ అనుమానమూ రాలేదు.

"నాయనా, ఏం నొక్కావు?" అన్నాడు పెద్దాయన నీరసంగా.

"ఏం లేదండీ, ఆబ్సెంట్లు వేశాను."

ఆ ఫోను పెట్టీపెట్టగానే మేనేజరమ్మ నుంచి ఫోనొచ్చింది. "మీ పని ఒప్పుకున్నారు, చూశాను. కానీ మీరు చెయ్యి పెట్టగానే అన్నీ ఎర్రబడ్డాయేంటండీ?"

"అవి ముందునుంచీ అంతేనండీ. ఇప్పుడు కనబడుతున్నాయి, అంతే."

ఆవిడ గొంతు బాగా తగ్గింది. "మా పరీక్షలు కూడా వాళ్లని చూసే రాసుకున్నామండీ. అన్నీ పచ్చగానే ఉన్నాయి. వచ్చే నెల సరుకు బజార్లోకి వెళ్తోంది. మీరు రేపే వచ్చి చేరిపోండి, ఇంకెక్కడికీ వెళ్లకండి."

కంగారయ్య ఉద్యోగంలో చేరాడు, జీతమూ అందుతోంది. బల్ల మీదికి కంప్యూటరు మాత్రం ఇంకా రాలేదు; సరుకు బజార్లోకి వెళ్లాక ఇస్తామంటోంది మేనేజరమ్మ.