వరసలో మంత్రిగారి రాయి

"రెండో నల్లా ఎప్పుడొస్తది?"

ఈ ప్రశ్నను 1974 ఫిబ్రవరిలో, గోదావరిఖనిలో, మూడు వేల మంది ఎదుట, మైకు ముందు నిలబడి, ఒక పోలండు దేశస్థుడు తెలుగులో మంత్రిగారిని అడిగాడు. ఈనాటికీ జవాబు రాలేదు. అడిగినవాడికి మాత్రం శాలువా వచ్చింది.

అంతకు ఎనిమిది నెలల ముందు ఊళ్ళో గులాబీరంగు కరపత్రాలు పంచారు. "అంతర్జాతీయ నగరాల సరసన గోదావరిఖని" అని వాటి శీర్షిక. సముద్రాలు దాటి ఒక మహా నిపుణుడు మన ఊరిని వెతుక్కుంటూ వస్తున్నాడనీ, ఇక్కడి సౌకర్యాలు చూసి ఆయన స్వదేశాన్ని మరచిపోవడం ఖాయమనీ అందులో ఉంది. కింద సంతకం: లింగమూర్తి, అధ్యక్షుడు, ఏడో లైను అభివృద్ధి మరియు విదేశీ అతిథి స్వాగత సంఘం. ఆ సంఘంలో అధ్యక్షుడు తప్ప వేరే సభ్యులు లేకపోవడం వల్ల తీర్మానాలన్నీ ఏకగ్రీవంగా నెగ్గేవి. వచ్చే ఎన్నికల్లో పార్టీ టిక్కెట్టు తనకే దక్కాలన్న తీర్మానం కూడా అలాగే నెగ్గింది.

వచ్చిన నిపుణుడి పేరు స్తెఫాన్. ఇంటిపేరు పలకడానికి అధ్యక్షుడు మూడుసార్లు ప్రయత్నించి, నాలుగోసారి "స్తెఫాన్ సార్"తో సరిపెట్టుకున్నాడు. బొగ్గు కోసే కొత్త యంత్రాన్ని నడపడం నేర్పడానికి అతను వచ్చాడు. యంత్రమూ వచ్చింది. అందులో అరచేతిలో పట్టేంత భాగం ఒకటి మాత్రం దారి తప్పి వేరే ఏదో రేవులో దిగిపోయింది. అది వచ్చేదాకా స్తెఫాన్ రోజూ గనికి వెళ్ళి, యంత్రం చుట్టూ ఒకసారి తిరిగి, ఇంటికి వచ్చేవాడు. కనుక ఊరి మీద విసుక్కోవడానికీ, ఊరిని చూసి మురిసిపోవడానికీ అతనికి కావలసినంత తీరిక దొరికింది.

విసుగుకు కొదవ లేదు. ఉతికి ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి బూడిదరంగుకు తిరిగేది. వరండాలో పందులు పడుకునేవి. లేపితే నొచ్చుకున్నట్టు చూసేవి. దర్జీ అతని ఒంటి కొలతలు శ్రద్ధగా తీసుకుని, అలవాటైన కొలతలతో ప్యాంటు కుట్టి ఇచ్చాడు. పెళ్ళిళ్ళ కాలంలో మూడు దిక్కుల నుంచి మూడు మైకులు మూడు వేర్వేరు పాటలు వినిపించేవి.

ఆనందాలకూ కొదవ లేదు. న్యూస్‌పేపరు ముక్కలో వేడి మిరపకాయ బజ్జీలు. కన్నీళ్ళు కారుతుంటే పక్కన కూర్చున్న అపరిచితుడు తన చాయ్ సగం సాసరులో పోసి ఇవ్వడం. ఈ ఊళ్ళో దారి అడిగితే ఎవరూ చెప్పరు. పని ఆపుకుని వెంట వస్తారు. దారి తమకు తెలియకపోయినా వస్తారు. ఒకసారి పోస్టాఫీసు ఎక్కడని అడిగితే ఏడుగురు కలిసి బయలుదేరి, అందరూ కలిసి దారి తప్పి, చివరికి చాయ్ తాగి స్నేహితులుగా విడిపోయారు. అతను వేయబోయిన ఉత్తరం మరునాడు డబ్బాలో పడింది.

స్వాగత సంఘం అతనికి ఏర్పాటు చేసిన బంగళాలో తెల్లని స్నానాల తొట్టి ఉంది. దానికి రెండు పంపులు. గోడకు ఇంకో రెండు.

"గిసొంటి తొట్టి పెద్దపల్లిల గూడ లేదు సార్," అన్నాడు లింగమూర్తి.

"నీళ్ళు?"

"వస్తాన్నయి సార్. పైపు ముందుగాల వచ్చింది. నీళ్ళు దాని ఎనుక వస్తాన్నయి."

అయినా చాలా ఉదయాల్లో తొట్టి పక్కన రెండు బిందెల నీళ్ళు ఉండేవి. అవి తెచ్చేది వంట చేసే సుసన్నా. ఆమె భర్త ఆమోసు ముప్పై ఏళ్ళు బొగ్గుబావిలో పనిచేసి, దగ్గు ఒక్కటే సంపాదించుకుని, గని కార్మికుల ఇళ్ళ బారైన ఏడో లైనులో మంచం పట్టి ఉన్నాడు. నాలుగు నెలలు స్తెఫాన్ ఆ నీళ్ళతో స్నానం చేశాడు, సుసన్నా దగ్గర తెలుగు నేర్చుకున్నాడు. తగినంత తెలుగు వచ్చాక ఒకరోజు అడిగాడు.

"సుసన్నక్కా, ఈ నీళ్ళు ఏడియి?"

"మా లైన్ల నల్లాయి."

"మరి నీ ఇంట్లకు?"

"ఆరింటికల్ల నీళ్ళు ఈడ ఉండకుంటె నౌకరి ఊడుతదని లింగమూర్తి సారు చెప్పిండు. ఉన్న రెండు బిందెలు మీకే తెస్తాన్న. నిన్న మొన్న మా ఇంట్ల లేవు. పక్కింటోళ్ళు చెంబెడు పోసిన్రు, ఆమోసుకు తాగనీకి."

స్తెఫాన్ ఎత్తిన చెంబు దించాడు. మరునాడు ఉదయం ఐదింటికి, తానే బకెట్టు పట్టుకుని ఏడో లైనుకు వెళ్ళాడు.

అరవై రెండు ఇళ్ళకు అక్కడ ఒకే కుళాయి. నీళ్ళు ఐదు నుంచి ఆరున్నర దాకా. ఆ గంటన్నరలో నలభై ఇళ్ళకు మించి అందవు. నేరుగా కుళాయి దగ్గరికి నడిచిన స్తెఫాన్‌ను ఒక ముసలామె చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. ఆమె పేరు సమ్మవ్వ. ఏ ప్రభుత్వమూ ఆమెను నియమించలేదు. బహుశా అందుకే ఆ వరస సక్రమంగా నడిచేది.

"ఓ దొరా, ఏడికి ముందటికి? నీ రాయేది?"

"రాయా?"

"రాయి లేనోనికి వరస లేదు బిడ్డా."

అప్పుడు చూశాడు. కుళాయి నుంచి బాట పొడవునా రాళ్ళు బారు తీరి ఉన్నాయి. ఇంటికొక రాయి. డ్యూటీలకు పోవలసిన ఆడవాళ్ళు రాత్రంతా నిలబడలేరు; వాళ్ళ తరఫున రాళ్ళు నిలబడతాయి. సమ్మవ్వది విరిగిన విసుర్రాయి. సుసన్నాది సిలువ గీసిన ఇటుక. నీళ్ళు పట్టుకున్నవాళ్ళ రాయి చివరికి పోతుంది. మిగిలినవి ముందుకు జరుగుతాయి. తన వంతుకు మనిషి రాకపోతే ఆ రాయీ చివరికే. కానీ రాయిని ఎవరూ పారేయరు, ఒకరి రాయి మీద ఇంకొకరు నీళ్ళు పట్టరు. ఐరోపాలో రెండు విశ్వవిద్యాలయాలు చూసిన స్తెఫాన్ ఇంతటి న్యాయమైన ఏర్పాటును ఎక్కడా చూడలేదు.

అతను మొదట ఖాళీ జామ్ డబ్బా పెట్టాడు. దాన్ని మేక కరుచుకుపోయింది. తర్వాత తన బల్ల మీద నమూనాగా దాచుకున్న మేలిరకం బొగ్గుపెళ్ళ పెట్టాడు. మరునాడు అది లేదు.

"పొయ్యిల వెట్టిన్రు బిడ్డా," అంది సమ్మవ్వ. "మంచిగ మండిందట. వరసల బొగ్గు వెట్టినోన్ని నిన్నే చూసిన."

ఇలా స్తెఫాన్ రాయి లేని మనిషిగా ఉండగానే, మంత్రిగారు వస్తున్నారన్న కబురు వచ్చింది. ఏడో లైనుకు నీళ్ళ ట్యాంకు, రెండో కుళాయి. శంకుస్థాపనకు పాలరాయి కూడా చెక్కించారు. సుసన్నా ఆ వార్త విని ఆమోసుకు తల స్నానం చేయిస్తానని మొక్కుకుంది.

ముందురోజు బందోబస్తు చూడడానికి వచ్చిన లింగమూర్తి బాట పక్కన ఆగిపోయాడు. మంత్రిగారి కారు వచ్చే దారిలో, చేతికందే దూరంలో, అరవై రెండు రాళ్ళు. అప్పట్లో సభల మీద రాళ్ళు పడని జిల్లా అరుదు.

"ఎవలు పేర్చిన్రు గివి? వరుసకు వరుస పేర్చిన్రంటె ట్రైనింగ్ అయినోళ్ళే," అన్నాడు.

"మా నంబర్లు సారూ," అంది సమ్మవ్వ.

"నంబర్లు గూడ ఏసుకున్నరా," అన్నాడు లింగమూర్తి, నుదురు తుడుచుకుంటూ.

గంటలో రాళ్ళన్నీ స్వాధీనమయ్యాయి. శంకుస్థాపన గద్దెకు రాళ్ళు తక్కువ పడ్డాయి గనుక అవన్నీ దాని కడుపులో వేసి, పైన సిమెంటు పూశారు. ఒక కుట్రను భగ్నం చేసి దానితోనే అభివృద్ధికి పునాది వేయడం అందరికీ చేతనయ్యే పని కాదు.

సభ జరిగింది. మంత్రిగారు పాలరాతి మీది తెర లాగారు, చప్పట్లు మోగాయి. విదేశీ మిత్రుడు రెండు మాటలు మాట్లాడాలని ఆయన కోరారు. "థాంక్యూ అంటె సాలు సార్," అని లింగమూర్తి చెవిలో చెప్పాడు. స్తెఫాన్ మైకు అందుకున్నాడు. ముందు వరసలో సుసన్నా కూర్చుని ఉంది.

"మంత్రి సారూ, ఏడో లైన్ల అరవై రెండు ఇండ్లున్నయి. నల్లా ఒక్కటే. ఇరవై రెండు ఇండ్లకు దినాం నీళ్ళు లేవు. రెండో నల్లా ఎప్పుడొస్తది?"

ఆపైన మంత్రిగారే చప్పట్లు మొదలుపెట్టారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"విన్నారా! ఎక్కడి పోలండు, ఎక్కడి తెలుగు! మన కాన్వెంటు పిల్లలు సిగ్గుపడాలి."

"గట్ల కాదు సారూ. నీళ్ళు. నీళ్ళెప్పుడొస్తయి?"

"నీళ్ళు అన్నాడు చూడండి, ఎంత స్పష్టంగా పలికాడు! ఇంకోసారి అనండి నాయనా."

"నీళ్ళు," అన్నాడు స్తెఫాన్.

మూడు వేల మంది చప్పట్లు కొట్టారు. స్తెఫాన్ మైకు వదల్లేదు. "తారీఖు చెప్పుండ్రి సారూ," అన్నాడు.

"తారీఖు అన్నాడు! మన ఉర్దూ కూడా వచ్చు!" అని మంత్రిగారు వేదిక మీదికి శాలువా తెప్పించారు. స్తెఫాన్‌కు 'తెలుగు భాషాబంధు' బిరుదు ఇచ్చారు. మరునాడు పత్రికల్లో అతని ఫొటో, పైన "గోదావరి నీళ్ళు వంటబట్టిన పోలండు ఇంజనీరు" అన్న శీర్షిక. ప్రశ్న ఏమిటో ఏ పత్రికా రాయలేదు; ఉచ్చారణను మాత్రం అన్నీ మెచ్చుకున్నాయి.

సభ ముగిశాక సమ్మవ్వ అడిగింది: "ఏమన్నడు బిడ్డా మంత్రి?"

"శాలువ ఇచ్చిండు అవ్వా."

"నీళ్ళడిగితె శాలువనా?" ఆమె బట్టను వేళ్ళ మధ్య నలిపి చూసింది. "తానం చేసినంక తుడుసుకొమ్మన్నట్టున్నడు."

సభ నాడూ, మరునాడూ ఉదయం వరస లేదు. రాళ్ళు లేవు గనుక ఎవరి వంతు ఎవరిదో తేలలేదు. నీళ్ళకన్నా మాటలు ఎక్కువ పారాయి. సుసన్నాకు చుక్క దొరకలేదు. ఆమోసు తల స్నానం వాయిదా పడింది. మూడో రోజు ఉదయం సమ్మవ్వ గడ్డపార తెచ్చింది. గద్దె సిమెంటు గడ్డపార దాకా ఆగలేదు, వేలితోనే రాలింది. లోపల అరవై రెండు రాళ్ళూ క్షేమంగా ఉన్నాయి. ఎవరి రాయిని వాళ్ళు గుర్తుపట్టారు. రాళ్ళు పోయిన నాటి వరసను సమ్మవ్వ మొదటి ఇంటి నుంచి చివరి ఇంటి దాకా తడుముకోకుండా చెప్పింది. రాళ్ళన్నీ బాట పక్కకు చేరాక గద్దె ఉన్నచోట ఒక్క పాలరాయి మిగిలింది.

"గిదెవలిది?" అంది సమ్మవ్వ.

ఆమె స్తెఫాన్ వైపు తిరిగింది.

"దొరా, నీకు రాయి లేకపాయె. గీ రాయికి పని లేకపాయె. తెచ్చి ఎనుక వెట్టుకో."

స్తెఫాన్ దాన్ని ఎత్తి అరవై రెండు రాళ్ళ వెనక పెట్టాడు. ఆనాటి నుంచి అది వరసలో నడిచింది. దాని వంతు వచ్చినప్పుడల్లా అతను రెండు బకెట్లు పట్టుకునేవాడు. ఒకటి బంగళాకు, ఒకటి ఆమోసుకు. సుసన్నా తన రెండు బిందెలూ తన ఇంటికే మోసుకుపోయేది. ఆ ట్యాంకు పథకం వల్ల ఏడో లైనుకు అదనంగా చేరిన నీళ్ళు ఈ ఒక్క బకెట్టే.

ఆరు నెలలకు పై నుంచి తనిఖీ అధికారి వచ్చాడు. వెంట లింగమూర్తి. ట్యాంకు ఎక్కడని అధికారి అడగలేదు. రాయి ఎక్కడని అడిగాడు. ఆ రోజు రాయి చివరలో ఉంది. కుళాయికి నూట పది అడుగులని టేపుతో కొలిచి రాసుకున్నాడు. రెండో తనిఖీ నాటికి రాయి కుళాయికి ఇరవై అడుగుల దగ్గరకు వచ్చింది. అధికారి టేపును రెండోసారి పరిచి చూశాడు.

"ఇది కదులుతోందా?"

"కదులుతది సారూ," అంది సమ్మవ్వ. "నిమ్మలంగ."

"పథకం నెమ్మదిగా, నిశ్చయంగా ముందుకు సాగుతున్నది. ఎనభై శాతం పూర్తి," అని నివేదిక వెళ్ళింది. లింగమూర్తిని జిల్లా నీటి పథకాల సలహాదారుగా వేశారు. మూడో తనిఖీ రోజున రాయి మళ్ళీ చివరికి చేరి ఉంది. పని వెనకబడడం వెనక ప్రతిపక్షాల హస్తం ఉన్నట్టు ఆ నివేదిక తేల్చింది.

స్తెఫాన్ గడువు 1975లో తీరింది. యంత్రం భాగం అతను రైలెక్కిన రోజునే దిగింది. స్టేషనుకు అరవై రెండు ఇళ్ళ నుంచీ వచ్చారు. అందులో సగం మంది దారి అడిగినవాళ్ళతో వచ్చినవాళ్ళు. శాలువాను అతను ఆమోసుకు కప్పి వెళ్ళాడు. రాయిని సుసన్నా ఇంటి పేర వరసలో ఉంచమన్నాడు. సమ్మవ్వ ఒప్పుకోలేదు.

"సుసన్నా, నీకు సదువొచ్చు గదా. రాయి మీద ఏముందో సదువు."

బైబిలు చదివే గొంతుతోనే సుసన్నా చదివింది. మంత్రిగారి పేరు, బిరుదులు, తారీఖు అన్నీ వినిపించింది.

"అయితె గిది ఆయన రాయే," అంది సమ్మవ్వ. "దొర ఉన్నన్నొద్దులు దొర వాడుకున్నడు. ఇగ ఆయన వంతు ఆయనకే ఉండాలె. ఒకల నీళ్ళు మనకెందుకు?"

"అవ్వా, ఆమోసుకు బకెట్టు నీళ్ళు..."

"నా దాంట్ల సగం తీస్కపో. రాయిని ముట్టకు."

అప్పటి నుంచి మూడు రోజుల్లో రెండుసార్లు ఆ పాలరాయి కుళాయి ముందుకు వస్తోంది. సమ్మవ్వ బాట వైపు ఒకసారి చూస్తుంది. ఎవరూ రారు. కుళాయి కట్టి, నలుగురు కలిసి రాయిని మోసి చివరికి పెడతారు.

రేపు ఉదయం మళ్ళీ దాని వంతు. మీరు రాయి మీది ఆ పేరుకు ఓటు వేసినవారైతే, ఇంట్లో ఉన్న పెద్ద బిందె తీసి ఆయన చేతికి ఇవ్వండి. ఐదింటికల్లా ఏడో లైనులో ఉండమని చెప్పండి.