మూడో మలుపు చాలా సులభం!

అబద్ధాలాడేవాళ్లకు సభ పెట్టి సన్మానం చేయాలి!

అందరికీ కాదులెండి. కొండదారిలో సైకిల్ తొక్కి, కిందికి దిగి, ఇంకా రొప్పు తగ్గకముందే ఫోన్ తీసి ‘సులభం’ అని నొక్కే మహానుభావులకు మాత్రమే. మానవజాతి ముందుకు పోతున్నది వాళ్ల పుణ్యానే. ఇది తొందరపడి అంటున్న మాట కాదు. పాతికేళ్లుగా పళ్లు పీకుతూ, బాగా ఆలోచించి అంటున్నాను.

అవును, నేను పళ్ల డాక్టర్ని. ‘చీమ కుట్టినట్టుంటుంది, అంతే’ అని చెప్పి సూది దించడం నా వృత్తిధర్మం. ఆ చీమ సైజు ఎంతో ఈ రోజుదాకా ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే ఈ ఊళ్లో ఒక్కరైనా నోరు తెరిచేవారా? పుచ్చుపళ్లతోనే పెళ్లిళ్లు చేసుకుని, పుచ్చుపళ్లతోనే పోయేవారు!

ఆ మాటకొస్తే, ‘పది నిమిషాల్లో మీరే బిగించుకోవచ్చు’ అని అట్టపెట్టె మీద రాయకపోతే ఏ ఇంట్లోనైనా బల్ల ఉండేదా? మా ఇంట్లో ఉంది. బిగించడానికి రెండు ఆదివారాలు పట్టింది, ఆరు స్క్రూలు మిగిలాయి, మోచెయ్యి ఆనిస్తే పక్కకి ఒరుగుతుంది. అయినా బల్లే కదా! ‘చిన్న ఫారమ్, మూడే స్టెప్పులు’ అనకపోతే ఆఫీసు గడప ఎవరు తొక్కుతారు? ‘కాస్త సర్దుకుపోతే చాలు’ అని పెద్దవాళ్లు అనకపోతే... సరే, అది వదిలేద్దాం. ఈ కాలమ్ మా ఆవిడ కూడా చదువుతుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. మా ఊరు దాటగానే కొండలు మొదలవుతాయి. వాటి పాదాల వెంబడి మెలికలు తిరుగుతూ, పైనున్న నీళ్ల ట్యాంకు దాకా ఒక టూరింగ్ సైకిల్ రూటు ఉంది. పోనూ రానూ ముప్పై ఎనిమిది కిలోమీటర్లు. సైకిల్ యాప్‌లో ఆ రూటు బొమ్మ చూస్తే ఎవరో దుప్పటి సరిగ్గా పరచలేదేమో అనిపిస్తుంది. దగ్గరికెళ్లి చూస్తే అది దుప్పటి కాదు, గోడ!

ఆ యాప్‌లో రూటు కింద మూడు బటన్లుంటాయి. సులభం, ఫర్వాలేదు, కష్టం. ఇప్పటిదాకా తొక్కి వచ్చిన రెండు వందల పన్నెండు మందీ మొదటి బటనే నొక్కారు. మిగతా రెండూ పని చేస్తాయో లేదో యాప్ తయారుచేసినవాడికి కూడా తెలియదు.

ఆ రెండు వందల పన్నెండు మందిలో నేనూ ఒకణ్ణి. పోయిన ఏడాది తొక్కాను. మొదటి మలుపు నవ్వుతూ ఎక్కాను. రెండో మలుపు నవ్వు ఆపేసి ఎక్కాను. మూడో మలుపులో గేర్లన్నీ అయిపోయాయి. ఇంకా కింద ఏదైనా గేరు దాచిపెట్టాడేమోనని చాలాసేపు నొక్కి చూశాను. లేదు. సైకిల్ చేసినవాడు అక్కడితో ఆపేశాడు. నేనూ ఆపేశాను. తర్వాత అటుగా వచ్చిన పాలవ్యాన్ ఎక్కి, సైకిల్‌ని క్యాన్ల మధ్య పడుకోబెట్టి, ట్యాంకు దాకా దర్జాగా వెళ్లి, హెల్మెట్ సరిచేసుకుని ఫొటో దిగాను.

‘కష్టం’ అని నొక్కుదామనే ఫోన్ తీశాను, ఒట్టు! తీరా చూస్తే మా క్లినిక్ రిసెప్షనిస్టు అప్పటికే ‘సులభం’ నొక్కి ఉంది. ఆవిడ పేరు కింద నేను ‘కష్టం’ అని ఎలా నొక్కను? సోమవారం ఏ మొహం పెట్టుకుని క్లినిక్‌లోకి వెళ్లను? అందుకని నొక్కడంతో ఆగకుండా నాలుగు ముక్కలు రాశాను కూడా: ‘చిన్నపాటి ఎత్తుపల్లాలు. కుటుంబంతో హాయిగా వెళ్లి రావచ్చు. మూడో మలుపు చాలా సులభం!’

ఆ మూడో మలుపు గురించి కాస్త చెప్పాలి. అక్కడ ఎప్పుడు చూసినా పది పన్నెండు మంది ఆగి ఉంటారు. కానీ ఒక్కరూ అలసిపోయి ఆగినవాళ్లు కాదు, సుమా! ఒకాయన నిక్షేపంలాంటి చైన్‌ని విప్పి మళ్లీ తగిలిస్తూ ఉంటాడు. ఇంకొకాయన టైరు నొక్కి చూసి, తల పంకించి, మళ్లీ నొక్కుతాడు. ఒకావిడ పూలకి ఫొటోలు తీస్తుంటుంది. అక్కడ పూలే ఉండవు! ఎవరూ ఎవరి మొహమూ చూడరు. ఎంత క్రమశిక్షణ! ఎంత సంస్కారం! ఒక్క ‘సులభం’ బటన్ ఇంతమందికి ఒకేసారి సైకిల్ రిపేరు నేర్పిందంటే అది వరం కాక మరేమిటి?

ఇలా ప్రపంచం చక్కగా సాగిపోతుండగా, ఈ వరం నేరుగా మా ఇంటికే వచ్చింది. మా అక్కయ్య రూపంలో!

అక్కయ్యకి యాభై తొమ్మిది. ముప్పై మూడేళ్లు లెక్కల టీచరుగా చేసి, ఈ మధ్యే రిటైరైంది. రిటైరైన వారానికి సైకిల్ కొనుక్కుంది. ఇల్లంతా ఒకటే నవ్వు. బావగారైతే ‘ఈ వయసులో నీకెందుకే ఈ కోతి వేషాలు?’ అని రోజుకోసారి అంటున్నారట. అక్కయ్యకి పౌరుషం వచ్చింది. ఆ ట్యాంకు దాకా వెళ్లి చూపిస్తాను, వెళ్లలేకపోతే సైకిల్ ఎవరికైనా ఇచ్చేసి నోరు మూసుకుని కూర్చుంటాను అని అందరి ముందూ అనేసింది. అని, యాప్ తెరిచి, నా పేరు చూసి, నాకు ఫోన్ చేసింది.

“ఒరేయ్, చాలా సులభం అని రాశావుగా! నువ్వే ఎక్కగలిగావంటే నేను ఎక్కలేనా?”

అప్పుడే నిజం చెప్పేయాల్సింది. చెప్పానా? “దానికేముందక్కా, నేనూ వస్తాను” అన్నాను. ఎంతైనా రాతపూర్వకంగా ఇచ్చిన మాట కదా!

ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. మొదటి మలుపు అక్కయ్య పాట పాడుతూ ఎక్కింది. రెండో మలుపులో పాట ఆగింది. మూడో మలుపులో సైకిల్ ఆగింది. దిగి, పక్కనున్న రాయి మీద కూర్చుంది. చుట్టూ మన రిపేరు బృందం వాళ్ల వాళ్ల పనుల్లో మునిగి ఉంది.

హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకుంది. తర్వాత మెల్లగా అంది: “రెండు వందల పన్నెండు మందికి సులభమట. నాకొక్కదానికే కష్టమైంది. మీ బావగారు అన్నది నిజమేరా. నా పనైపోయింది. ఆ సైకిల్ ఎవరికైనా ఇచ్చెయ్.”

అలా అంటున్నప్పుడు మా అక్కయ్య మొహం మీరు చూడలేదు. నేను చూశాను. ముప్పై మూడేళ్లు క్లాసులు గడగడలాడించిన మనిషి, నేను సరదాగా నొక్కిన ఒక బటన్‌కి తలొంచుకుని కూర్చుంది. నా మీద నాకే అసహ్యం వేసింది.

“అక్కా, నేను ఎక్కలేదు” అన్నాను.

“ఏంటి?”

“ఇక్కడే ఆగిపోయాను. ఇదే రాయి మీద కూర్చున్నాను. పైకి పాలవ్యాన్‌లో వెళ్లాను.”

అక్కయ్య నోరు తెరిచింది. పాతికేళ్ల అనుభవంతో చెబుతున్నాను, అంత బాగా ఎవరూ తెరవలేదు. ఈలోగా చైన్ పెద్దమనిషి తలెత్తాడు. నన్ను తిడతాడనుకున్నాను. దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, “ఆ వ్యాన్ ఎన్నింటికొస్తుందండీ?” అని అడిగాడు.

అంతే! అక్కయ్య పగలబడి నవ్వింది. టైరాయన నవ్వాడు. పూలావిడ ఫోన్ జేబులో పెట్టేసి, “నేను వరసగా నాలుగో వారం రావడమండీ, ఈ మలుపు దాటిందే లేదు!” అంది. అందరూ అక్కడే రోడ్డు పక్కన కూలబడి, ఎవరి మోకాలి కథ వాళ్లు చెప్పుకున్నారు. నీళ్ల సీసాలు చేతులు మారాయి. ఆ తర్వాత అక్కయ్య లేచి నిలబడి, “పదండి, తోసుకుంటూ పోదాం. ఎవరు చూడొచ్చారు?” అంది. పన్నెండు మందిమీ సైకిళ్లు తోసుకుంటూ, కబుర్లు చెప్పుకుంటూ, చదునుగా ఉన్న చోట తొక్కుతూ, ట్యాంకు దాకా ఎక్కేశాం. పైన నిలబడి కిందికి చూస్తూ అక్కయ్య కళ్లు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను. నాది చెమట అని చెప్పాను.

అప్పుడు అక్కయ్య ఫోన్ తీసింది. నా గుండె పొంగింది. ఈ కొండ చరిత్రలో తొలిసారి ఒక మనిషి నిజం నొక్కబోతోంది! అదీ మా అక్కయ్య!

‘సులభం’ అని నొక్కింది.

“ఇదేంటక్కా! సగం దారి తోసుకొచ్చాం కదా!”

“మీ బావగారు యాప్ చూస్తారురా!” అంది. కింద ఒక వాక్యం కూడా రాసింది: ‘నాకు సులభంగానే ఉంది. మా తమ్ముడికి మాత్రం మూడో మలుపు కష్టమైంది, పాపం.’

రెండు వందల పదమూడు. చైన్ పెద్దమనిషితో కలిపి మిగతా పదిమందీ నా కళ్ల ముందే నొక్కారు. రెండు వందల ఇరవై మూడు! ఇప్పుడు క్లినిక్‌లో కుర్చీ ఎక్కినవాళ్లంతా నోట్లో దూది పెట్టించుకుని మరీ నా మోకాళ్ల గురించి అడుగుతున్నారు.

అయినా నా వాదన నేను వదలను. ‘సులభం’ బటన్ వరమే. కాకపోతే ఈ ఆదివారం కూడా ఆ రాయి మీద ఎవరో ఒకరు కూర్చుని ఉంటారు. లోకమంతా ఎక్కేసింది, నావల్లే కాలేదు అనుకుంటూ, లేని పూలకి ఫొటో తీస్తూ ఉంటారు. వాళ్లని తలుచుకుంటే మాత్రం నాకు నిద్ర సరిగ్గా పట్టడం లేదు.

అందుకని ఒక చిన్న మనవి. ఆ దారిలో వెళ్లేవాళ్లు మీలో ఎవరైనా సరే, కాస్త ధైర్యం చేసి ‘కష్టం’ అని నొక్కండి. ఒక్కరంటే ఒక్కరు చాలు.

రెండోవాణ్ణి నేనే!